పొడుగు వైరు

కంప్యూటర్లో ఇంటర్వ్యూ మొదలైన మరుక్షణమే మా ఆయన పక్కనున్న రెండో మానిటర్ నల్లబడిపోయింది.

పక్కగదిలో బావగారు తన కంప్యూటర్‌లో జవాబులు టైపు చేస్తుంటే, అవి పొడుగు వైరు గుండా ఆ మానిటర్ మీదికి రావాలి. ఈయన చూసి చదవాలి. ఈ ఉద్యోగం కూడా రాకపోతే జీవితాంతం తన కొట్లోనే కూర్చోవాలని బావగారు ముందే తేల్చేశారు.

"ఇందాక బాగానే వచ్చి చచ్చిందిగా!" తలుపు సందులోంచి నాతోపాటు చూస్తున్న బావగారు విసుక్కున్నారు.

తన కంప్యూటర్‌లో బొమ్మ సైజు తగ్గించారు. తన వైపు ప్లగ్గు పీకి మళ్ళీ గుచ్చారు. లాభం లేదు.

"ఇంత పొడుగు వైరు వద్దంటే విన్నాడా? వాడసలే మొద్దు. సొంతంగా నోరు తెరిస్తే కొంప మునుగుతుంది. అమ్మాయ్, నువ్వెళ్ళి అటువైపు ప్లగ్గు చూడు. కెమెరాలో పడకు!"

వంగి, పాకుతూ టేబుల్ కిందికి దూరాను. పైన మా ఆయన జవాబు చెబుతున్నారు. మొదట గొంతు వణికింది. తర్వాత కాస్త నిలబడింది.

మానిటర్ వెనక నుంచి ఊడిన ప్లగ్గు ఆయన కాలివేళ్ళ మధ్య ఉంది.

ఊడిపడిందేమోనని తీసుకోబోయాను. వేళ్ళు ఇంకా గట్టిగా బిగుసుకున్నాయి. పైన మాట మాత్రం ఆగలేదు.

తిరిగొచ్చేసరికి బావగారు గుమ్మంలోనే ఉన్నారు. "ఏమైంది?"

బావగారి ఎదుట నేను తలూపడమే తప్ప ఏనాడూ నోరు విప్పలేదు.

"ప్లగ్గు బాగానే ఉందండీ బావగారూ. వైరే పాడైనట్టుంది," అని, మధ్య తలుపు మూసేశాను.