విశ్వం మాస్టారి ఆఖరి మాటలు

తను చచ్చిపోయిన సంగతి జగన్మోహనరావుకి అత్తగారు ఫోన్ చేసి చెప్పింది.

"ఏవండీ అల్లుడుగారూ, మిమ్మల్ని చంపేశారేంటండీ? ఇప్పుడే సీరియల్ ప్రకటన వచ్చింది. మీ ఫోటోకి దండేసి ముందు దీపం పెట్టారండీ" అంది భీమడోలు నుంచి.

అప్పుడతను తాడేపల్లిగూడెంలో కొత్త చీరల షాపు గుమ్మం ముందున్నాడు, రిబ్బను కత్తిరించడానికి. ఏడేళ్ళుగా రోజూ సాయంత్రం ఏడింటికి టీవీలో కనిపించే విశ్వం మాస్టారు అతనే. ఆదివారం మధ్యాహ్నం వచ్చే కుటుంబాల షోకి యాంకరూ అతనే.

షాపు ఓనరు చేతిలోనూ ఫోనుంది. ఆయనా చూసినట్టున్నాడు. కత్తెర ఉన్న పళ్ళేన్ని మెల్లగా వెనక్కి లాక్కున్నాడు.

"తప్పుగా అనుకోకండి. మొదటిరోజు కదండీ. వచ్చినవాళ్ళు ఏదోటి అనుకుంటారు. మా మేనత్తగారి చేత కత్తిరిస్తామండీ. మీరు పక్కన నిలబడితే చాలు."

నిలబడ్డాడు. ఫోటోలూ దిగాడు.

కారెక్కాక డైరెక్టరుకి పదకొండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. చివరికి ప్రొడక్షన్ మేనేజరు ఎత్తాడు.

"ముందే చెబుదామనుకున్నామండీ. కొత్త రైటర్‌గారు రాసిన సీను ఛానెల్‌వాళ్ళకి తెగ నచ్చేసింది. మాస్టారు పోయాక ఆయన రాసిపెట్టిన ఉత్తరం దొరుకుతుంది. మీ అవసరం లేకుండానే ఆ సీను షూట్ చేసేశామండీ."

"ఎవరా రైటరు?"

"పేరు చెప్పొద్దన్నారండీ. రెండు నెలలుగా రాస్తున్నారు."

"ఆదివారం షో సంగతేంటి?"

మేనేజరు గొంతు తగ్గించాడు.

"అది దుర్గాసాయికిచ్చారండీ."

దుర్గాసాయి ఏలూరు కేబుల్‌లో వార్తలు చదువుకునేవాడు. అతన్ని హైదరాబాద్ తీసుకెళ్ళి, తన ఫ్లాట్‌లో ఏడాది ఉంచుకుని, షోలో పక్కన నిలబెట్టుకున్నది జగన్మోహనరావే. భీమడోలు దాటేదాకా అతను ఇంకేమీ ఆలోచించలేదు. అత్తగారింటి దగ్గర కూడా కారు ఆపలేదు.

నిజానికి కొన్నాళ్ళుగా షోలో మాట పండటం లేదు. జనం మునుపటిలా నవ్వడం లేదు, కళ్ళు తుడుచుకోవడం లేదు. అలసట అనుకున్నాడు. ఇంట్లోనూ స్థిమితంగా మాట్లాడుకునే తీరిక లేకపోయింది. భార్య హరిప్రియ తెలుగు టీచరు. పరీక్షల పని ఎక్కువగా ఉందంది.

అంతకుముందు అలా కాదు. అతని పేరంతా మాటలతో వచ్చిందే. సీను కాగితం ముందురోజే తెప్పించుకునేవాడు. సాయంత్రం హైదరాబాద్ నుంచి ఏలూరు ఇంటికి ఫోన్ చేసి భార్యతో గంటసేపు మాట్లాడి, మర్నాడు సెట్‌లోకి సొంత మాటలతో వచ్చేవాడు. లైట్లు పట్టుకునేవాళ్ళు కూడా పని ఆపి వినేవారు.

ఫిబ్రవరిలో అవార్డు ఇచ్చినప్పుడు స్టేజీ మీద అమ్మాయి అడిగింది. "ఈ మాటలన్నీ ఎవరు రాస్తారు సార్?"

"ఒకరు రాస్తే వచ్చేవి కావమ్మా. కొల్లేటి గాలి పీల్చి పెరిగినవాణ్ణి. నోరు తెరిస్తే అవే వస్తాయి" అన్నాడు.

హాలంతా చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చున్న హరిప్రియ కూడా కొట్టింది.

ఇప్పుడు ఏప్రిల్ ఎండలో అతను ఏలూరు చేరేసరికి ఆమె హాల్లో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతోంది.

"దుర్గాసాయి పనే ఇది. పక్కనే ఉండి గోతులు తీశాడు."

"అడిగారా అతన్ని?"

"అడిగేదేముంది?"

"అడగండి" అంది ఆమె, తల ఎత్తకుండా.

ఫోన్ చేశాడు. దుర్గాసాయి ఏడ్చినంత పనిచేశాడు.

"నాకూ నిన్ననే తెలిసిందండీ గురువుగారూ. ఒట్టండీ. షోకి కూడా ఆ రైటర్‌గారే రాసి పంపారు. చదువుతుంటే అచ్చం మీరు మాట్లాడుతున్నట్టే ఉందండీ. మీరే రాశారేమో అనుకున్నాను."

జగన్మోహనరావు ఫోన్ సోఫాలో పడేశాడు.

"విన్నావా హరీ? ఎవడో నా మాటలు ఎత్తుకుపోయాడు."

ఆమె ఎర్ర పెన్నుకి మూత పెట్టింది.

"మీవేనా అవి?"

"ఏడేళ్ళుగా జనం నా నోటివెంట విన్నవి. నావి కాక ఎవరివి?"

ఆమె లేచి వెళ్ళి కాఫీ కలుపుకొచ్చింది. అతను గ్లాసు పట్టుకుని చాలాసేపు తాగకుండా కూర్చున్నాడు.

"నమ్మినవాళ్ళు ఇలా చేస్తారా? ఒక్క మాట చెప్పి చేస్తే ఏం పోయేది?"

"చేస్తారండీ" అంది హరిప్రియ. "అవతలివాళ్ళు ఎంత నమ్మితే అంత తేలిగ్గా చేస్తారు."

ఆమె తన బాధ అర్థం చేసుకున్నందుకు అతనికి కొంచెం ఊరట కలిగింది.

ఏడింటికి ఇద్దరూ టీవీ ముందు కూర్చున్నారు. విశ్వం మాస్టారి భార్య జానకి బల్ల సొరుగులో దొరికిన ఉత్తరం విప్పి చదివింది.

"జానకీ, బళ్ళో అందరూ నన్ను మెచ్చుకున్నప్పుడల్లా నీ పేరు చెప్పాలనుకునేవాణ్ణి. నలుగురిలో నోరు పెగిలేది కాదు. నామోషీ. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ బతుకంతా గడిపేశాను. నువ్వు అడగలేదు. అడగలేదు కాబట్టి నీకు అక్కర్లేదనుకున్నాను. నన్ను క్షమించక్కర్లేదు."

జగన్మోహనరావు తన చావుకి తనే ఏడ్చాడు.

"ఎవడోగానీ బాగా రాశాడు హరీ. నా చేత చెప్పించి ఉంటేనా..."

హరిప్రియ రిమోట్ తీసుకుని సౌండ్ కాస్త తగ్గించింది. పేర్లు పడటం మొదలైంది. అతను కళ్ళు తుడుచుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, ఆ ద్రోహి ఎవరో చూద్దామని ముందుకు వంగాడు.

'మాటలు' అన్న అక్షరాల కింద, ఏడేళ్ళలో మొదటిసారి, హరిప్రియ పేరు పడింది.