రానూ పోనూ రెండు టికెట్లు

“రానూ పోనూ పడవ టికెట్లు రెండు. రాశావా?”

“రాశానండీ. పై డెక్‌లోనా, కిందనా?”

“కిందైతే సగం ధరే కదా...” భర్త గడ్డం గోక్కున్నాడు.

“కింద డీజిల్ కంపు! దీవి చేరేలోపు పేగులు నోట్లోకొస్తాయి. పై డెక్కే.” అడగడానికి అడిగింది గానీ, ఆమె ముందే అలా రాసేసుకుంది.

ఈ లెక్క వాళ్ళకి కొత్తేం కాదు. ఏటా వేస్తారు. ఏటా ఏదో ఒక ఖర్చు వచ్చి డబ్బుల డబ్బాని ఊడ్చుకుపోతుంది. ఒక ఏడు పైకప్పు రేకులు, ఇంకో ఏడు ఆయనగారి పంటి వైద్యం. అక్కని చూసి పదకొండేళ్ళయింది, సరిగ్గా ఆయన ఈ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి. అమ్మ పోయాక తనకి జడలేసి, అన్నం పెట్టి పెంచిన అక్క! ఈ ఏడూ చూడకుండానే గడిచిపోతుందేమోనని ఆమెకి ఒకటే గుబులు. రేపు పొద్దున్న డబ్బు పంపకపోతే అంతే సంగతులు. వానలు మొదలైతే నాలుగు నెలలు పడవలుండవు.

“రైలు?”

“కింది బెర్తులు రెండు. వయసు చూసుకోవద్దూ!”

“బస?”

“బసకి పైసా ఖర్చు లేదుగా, మహాప్రభూ!”

ఇద్దరూ నవ్వుకున్నారు. ఎన్నిసార్లు తుడిచినా తుప్పు పట్టే ఆ డబ్బా మూత తీసి, అంతా కుమ్మరించి లెక్కపెట్టారు. ఆరువందలు తక్కువ. ఆమె మొహం చిన్నబోయింది.

“ఆ లిస్టులోంచి నా మోకాలి పట్టీలు కొట్టెయ్,” అన్నాడాయన.

“చాల్లెండి సంబడం! రోజూ రెండొందల మెట్లెక్కే మనిషి. నా కళ్ళజోడు కొట్టేస్తా.”

“కళ్ళజోడు లేకుండా మీ అక్కని ఏం చూస్తావే, పిచ్చిమొహమా?”

ఆమె కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఆయన కలం లాక్కుని పట్టీల మీద అడ్డంగా గీత గీసేశాడు. లెక్క సరిపోయింది.

“పట్టీల సంగతి మీ అక్కతో అనకు.”

“అంటే ఊరుకుంటుందా! ఇద్దర్నీ కలిపి చీవాట్లు పెడుతుంది.”

“పెట్టనీ. ఆవిడ తిట్లు విని కూడా పదకొండేళ్ళయింది.”

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, డబ్బు కవర్లో పెట్టి అంటించింది. దాని మీద గుండ్రటి అక్షరాలతో అక్కాబావల చిరునామా రాసింది.

“అయ్యో, పొద్దుగూకుతోంది! డ్యూటీకి వేళైంది,” అంటూ ఆయన మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

రెండొందల మెట్లూ ఎక్కి, ఒక్క రాత్రి కూడా వదిలి వెళ్ళడానికి వీల్లేని ఆ దీవి లైట్‌హౌస్‌లో దీపం వెలిగించాడు.