తెగని బేరం

“బాడిసకు ఎనిమిది వరహాలా! విల్లు చెక్కే బాడిసే కదా, బంగారమా అది?”

దేవేంద్రప్ప బల్ల గుద్దాడు. పాచికలు ఎగిరిపడ్డాయి.

“ఇష్టముంటే తీసుకోప్పా,” అన్నాడు నరసప్ప.

ఆదోనిలో పత్తి అంగడి మేడ మీద ఆదివారాలు సాగే ఆట అది. రాజ్యం ఉత్తుత్తిది, రాక్షసులు ఉత్తుత్తివాళ్లు, వరహాలూ ఉత్తుత్తివే. పాచిక ఎలా పడితే కథ అలా నడుస్తుంది. నడిపించేది అంగడివాళ్ల అమ్మాయి చందన.

నరసప్ప ఎమ్మిగనూరు నేతగాడు. ఒక ఆదివారం తనంతట తానే మేడెక్కి వచ్చాడు.

“మీ ఆటలో అంగడి ఖాళీగా ఉండాదంట కదమ్మా. నేను కూసుంటా.”

విల్లంబులు చేసే పనిముట్లు అమ్మే అంగడి. ఒక్కో పనిముట్టుకు ఒక్కో అట్టముక్క. అంతకుముందు అది మల్లికార్జునది. పోయినేడు వాడు సరుకంతా స్నేహితులకు ఊరికే పంచేసి, బెంగుళూరు పోతున్నానని చెప్పి వెళ్లాడు. మళ్లీ ఫోను లేదు. పోయినవాడికి లేని బాధ మనకెందుకని వీళ్లూ చేయలేదు.

నరసప్ప మాత్రం ఒట్టి జిడ్డు. బేరం లేనిదే బాణానికి కట్టే ఈక కూడా చేతికివ్వడు.

ఆ రోజు ఆటగాళ్లలో ఒకడైన సాయినాథ్ తన అట్టముక్కలన్నీ నరసప్ప ముందుకు తోశాడు. పత్తి మిల్లులో పని పోయినప్పటి నుంచి వాడు చిక్కిపోయాడు. ఏమైందని అడిగితే నవ్వేవాడు.

“ఇవన్నీ నువ్వే పెట్టుకో పెద్దాయనా. ఊరికే.”

నరసప్ప మొహం పాలిపోయింది.

“ఊరికే తీసుకోను. ధర సెప్పు.”

“ఏమొద్దు.”

“వచ్చే ఆదివారం విల్లు దేంతో చేసుకుంటావప్పా?”

“వచ్చే ఆదివారం ఎవరు చూసినారు?”

“ఒకటన్నా ఉంచుకో. నారి పేనే కదురు ఉంచుకో. చీర కోసినాక కూడా పాత పోగులు కొన్ని మగ్గం అచ్చులోనే వదుల్తాం మేము. అన్నీ తీసేస్తే కొత్త పోగులు దేనికి అతకల్ల?”

“ఊరికే ఇస్తాంటే దానికీ బేరమా!” దేవేంద్రప్ప అరిచాడు. “మాకన్నా పంచు సాయీ!”

“పంచొద్దు!”

నరసప్ప అట్టముక్కల మీద రెండు చేతులూ పరిచాడు.

చందనకు విసుగొచ్చింది. “ఆట సాగనీవు కదా పెద్దాయనా. నువ్వింక రావద్దులే,” అనేసింది.

ఆయన మెల్లగా చేతులు తీశాడు. లేచి సాయినాథ్ భుజం పట్టుకున్నాడు.

“నాతో ఎమ్మిగనూరు దాకా రాప్పా. బేరం ఆడ తెగ్గొట్టుకుందాం.”

అందరూ పగలబడి నవ్వారు. సాయినాథ్ కూడా నవ్వాడు. నరసప్ప ఒక్కడే మెట్లు దిగిపోయాడు.

పంపకం చిటికెలో అయిపోయింది. సాయినాథ్ ఒక్కొక్కరితో చేయి కలిపి వెళ్లాడు. పీడ విరగడైందని దేవేంద్రప్ప అందరికీ టీలు తెప్పించాడు.

మరుసటి ఆదివారం సాయినాథ్ వాళ్లమ్మతో వచ్చాడు. ఆమె కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది.

“మీ బేరగాడు యాడ?” దేవేంద్రప్ప నవ్వాడు.

సాయినాథ్ నవ్వలేదు. కూర్చోనూ లేదు.

“ఆ పొద్దు నేను ఇంటికి పోకూడదనుకోని మెట్లు దిగినా. ఆయన కింద కాచుకోనుండాడు. పట్టుకున్న చెయ్యి వదల్లేదు. బస్సెక్కించి వాళ్లింటికి తీసకపోయి అన్నం పెట్టినాడు. మాయమ్మను పిలిపించి అప్పజెప్పినాడు. డాక్టరు దగ్గరికీ తోడొచ్చినాడు.”

చందనకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

“నేనే పోయి పిలుచుకొస్తా,” అంది.

“రాడు. ఇంక ఈ మేడ ఎక్కలేనన్నాడు.”

సాయినాథ్ బల్ల మీది అట్టముక్కల వైపు చూశాడు.

“వాళ్లింట్లో ఒక మగ్గం మీద సగం నేసిన చీర అట్లనే ఉండాది. ఏడాదిగా ఎవర్నీ తాకనీడంట. ఆ మగ్గం ఆయన కొడుకుది, మన మల్లికార్జునది. వాడు బెంగుళూరు పోలేదు చందనా, ప్రాణం తీసుకున్నాడు. ‘సరుకంతా ఊరికే పంచొచ్చినా నాయనా’ అని ఆ సాయంత్రం వాడు చెప్తే, మంచిపని చేసినావురా అని మెచ్చుకున్నాడంట నరసప్ప.”