నూట పన్నెండో పేజీ

మా లైబ్రరీలో పుస్తకం తిరిగిచ్చేవాళ్లు రిజిస్టరులో అభిప్రాయం రాయాలి. కొత్తగా చేరినావిడ మూడు పుస్తకాలు నా బల్లమీద పెట్టి, మూడు ముక్కలు గీకింది.

భక్తి పుస్తకానికి: "రెండో పేజీకే కునుకు పట్టింది. దేవుడున్నాడు." నవలకి: "అబద్ధమంటే ఇలా అతికినట్టుండాలి." ఆత్మకథకి: "కడుపుబ్బ నవ్వాను."

నాకు మండిపోయింది. "నవ్వడమేంటమ్మా! నూట పన్నెండో పేజీలో ఆయన భార్య ఆయన ఒళ్లోనే ప్రాణం వదిలింది. అది చదివి నేను రెండ్రోజులు అన్నం ముట్టలేదు."

"అయ్యో, తినాల్సిందండీ," అందావిడ. "ఆ భార్యని నేనే. వదిలింది ఆయన్ని, ప్రాణాన్ని కాదు."

ఆత్మకథ పట్టుకుని నవలల బీరువా వైపు నడిచాను.

"అటు కాదు," అంది వెనకనుంచి. "చచ్చినదాన్ని లేచొచ్చాను. భక్తి పుస్తకాల్లో పెట్టండి."