గేటు ముందు హారన్

"రేపటితోని విజేందర్ గాని బతుకు మన్నుల కలవాలె," అంటూ పరశురాం ఫోన్ మీద వేలు నొక్కాడు.

నల్లగొండలో పొద్దున తొమ్మిదిన్నరకే ఎండ చుర్రుమంటోంది. దవాఖాన డ్యూటీకి బయల్దేరుతున్న భార్య రమ, చెప్పులు తొడుక్కుంటూ ఆగింది.

"ఏం చేసినవ్?"

"చిట్యాల కంపెనీ షేర్లు అమ్మిన. రేపు వాళ్ల లాభనష్టాల లెక్కలు బయటికొస్తయి. షేరు పడుడు ఖాయం."

ఆ పురుగుమందుల కంపెనీకి విజేందర్ మేనేజరు. కిందటి నెల గేటు దగ్గర అందరి ముందూ పరశురాం సంచి బోర్లించి, దొంగ అని పనిలోంచి గెంటేశాడు. సంచిలో ఉన్నది సద్దిగిన్నె ఒక్కటే. అప్పట్నుంచీ పరశురాంకు తిన్న తిండి ఒంటబట్టడం లేదు. కారు కొని, ఆ గేటుకు అడ్డంగా పెట్టి, విజేందర్ బయటికొచ్చేదాకా హారన్ కొట్టాలి. పడుకున్నా లేచినా అదే కోరిక.

"మనకాడ ఆ షేర్లే లేవు గద. ఎట్ల అమ్మినవ్?"

"గదే కిటుకు. పడితే మనకు పైసలొచ్చే పుట్ ఒప్పందం కొన్న. పెరిగితే మనం కట్టే కాల్ ఒప్పందం అమ్మిన. రెండూ ఒకటే ధరకు. రెండు కలిస్తే, షేరు చేతిల లేకున్నా వెయ్యి షేర్లు అమ్మినట్టే. షేరు రూపాయి పడితే మనకు వెయ్యి వస్తది."

"రూపాయి పెరిగితే?"

"వెయ్యి పోతది. కని పెరగది."

"పైసలు యాడివి?"

"పానగల్‌ల మన ప్లాటు కుదువ పెట్టిన."

రమ ముఖం నల్లబడింది. "నన్నొక్క మాట అడగకపోతివి."

"అడిగితే పెట్టనిస్తవా? నా కడుపుమంట నీకేం ఎరుక."

రమ ఫోన్ చూసుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయింది.

మర్నాడు షేరు కుప్పకూలింది. మధ్యాహ్నానికి రెండు వందల రూపాయలు పడింది. పరశురాం లాభం ఖాతాలో వేసుకున్నాడు, రెండు లక్షలు. డబ్బు కన్నా వేరే సంగతి అతనికి తీపిగా ఉంది. విజేందర్ ఆస్తంతా ఆ షేర్లలోనే ఉంది. వాడి ముఖం ఎలా మాడిపోయి ఉంటుందో తలుచుకుని ఒక్కడే నవ్వుకున్నాడు. పాత కార్లు అమ్మే ఎల్లేష్‌కు ఫోన్ చేసి తెల్ల కారు ఖాయం చేశాడు.

రమ డ్యూటీ దిగి రాగానే గుమ్మంలోనే ఎదురెళ్లాడు.

"చీర మార్చుకో. కారు తెచ్చుకుని, అటు నుంచి అటే చిట్యాలకు పోతున్నం."

"ఏ పైసలతోటి?"

"రెండు లక్షలు వచ్చినయ్. చూడు జర."

"నీ ఫోన్ల వచ్చినయ్. నా ఫోన్ల పోయినయ్," అంటూ రమ తన ఫోన్ అతని చేతిలో పెట్టింది.

అందులో ఎర్రటి అంకెల్లో రెండు లక్షల నష్టం.

"ఇదేంది రమా? ఇల్లు కట్టనీకె దాచిన చిట్టీ పైసలేవి?"

"అవి పెట్టే కొన్న. షేరు పెరిగితే ప్లాటు పోతదని నాకు నిద్ర పట్టలే. షేరు అమ్మినట్టే అని నువ్వే చెప్తివి," అంది రమ చెప్పులు విడుస్తూ. "అందుకే నిన్న నువ్వమ్మిన వెయ్యీ నేను కొన్న."