చెయ్యివ్వని నాంచారమ్మ

మందులషాపులకు నొప్పి తొడుగులొచ్చాక బాధ నోటితో చెప్పుకొనే పని తప్పింది. ఫార్మసిస్టు చేతికి తొడుగేసుకుని చెయ్యి పట్టుకుంటే, ఎదుటి మనిషి నొప్పి కాసేపు తనకే పుడుతుంది. దాన్నిబట్టే మిషను మందు మోతాదిస్తుంది.

పెడనలో మగ్గం నేసే నాంచారమ్మ మాత్రం చేతులు కొంగులో దాచుకుంది.

“చూడకుండానే ఇచ్చెయ్యమ్మా.”

“చెయ్యివ్వందే మిషను మందివ్వదు పిన్నీ,” అంది ఫార్మసిస్టు వైదేహి.

“అయితే మోకాళ్ళు బాగానే ఉన్నాయిలే,” అని నవ్వి, రెయిలింగు పట్టుకుని మెట్లు దిగసాగింది.

వైదేహికి కాలు నిలవలేదు. నిండు చూలాలైనా తొడుగుతోనే గబగబా వెళ్ళి ఆమె చెయ్యి అందుకుంది.

“వదులమ్మా! కడుపుతో ఉన్నదానివి, నా నొప్పి నీకెందుకూ?”

అప్పటికే వైదేహి తన మోకాళ్ళు పట్టుకుని మెట్టుమీద కూలబడింది.

“ఇంత నొప్పితో మెట్లెక్కొచ్చి, లేదంటావా పిన్నీ?”