చేతికందే దూరం

ఆ పొద్దున ఫొటోగ్రాఫర్ కొంగల కోసం వంతెనెక్కాడు.

చేతిలో టెలిఫోటో జూమ్ లెన్సు. చంటిపిల్లంత బరువు. కొన్న రోజు నుంచీ దాన్ని కంటికి రెప్పలా చూసుకుంటున్నాడు.

"నా ముఖం వంక ఎప్పుడైనా అంత శ్రద్ధగా చూశారా?" అని భార్య దెప్పుతూనే ఉంటుంది.

పత్రికాఫీసులో అతనికి దుర్భిణి అని పేరు పెట్టారు. చందమామను తెచ్చి ఊరి నీళ్ల ట్యాంకు మీద కూర్చోబెట్టినట్టు అతను తీసిన ఫొటో చూసి అందరూ ముక్కున వేలేసుకున్నారు. "ఎక్కడి చందమామ, ఎక్కడి ట్యాంకు? అంతా ఈ లెన్సు మహిమ," అని తనే నవ్వుతూ చెప్పుకున్నాడు.

కొంగలు ఒక్కసారిగా లేచిపోయాయి. కింద ఎవరో కేక పెట్టారు.

ఒడ్డున ఆడుకుంటున్న పాప కాలు జారి ఏట్లో పడింది.

అతను గబగబా జూమ్ తిప్పాడు. నీళ్ల పైన చిన్న చెయ్యి. ఆ చేతి వెనకే రాతి కట్ట. కట్ట మీద ఒక ముసలాయన వంగి, బూట్ల దగ్గర ఏదో చేసుకుంటున్నాడు.

ఫొటో తీశాడు.

ఆ తర్వాత సాయం కోసం ఫోన్ చేశాడు. ఫోన్ పెట్టేసి మళ్లీ చూస్తే పాపా లేదు, కట్ట మీద ముసలాయనా లేడు.

'మెల్లగా జారుకున్నాడు,' అనుకున్నాడు.

పాప బతికింది. మలుపు అవతల ఎవరో నీళ్లలోంచి లాగి, బట్టలుతుకుతున్న ఆవిడ ఒళ్లో పడుకోబెట్టి వెళ్లిపోయారట.

"ఎలా ఉంటాడమ్మా ఆయన?" అని విలేకరి అడిగాడు.

"నేను పాపను చూసుకున్నానా, ఆయన్ని చూశానా? నిలువెల్లా తడిసిపోయి ఉన్నాడు. కాళ్లకి చెప్పులు కూడా లేవయ్యా," అంది ఆవిడ.

మర్నాడు ఫొటో మొదటి పేజీకెక్కింది. దాని కింద, "చెయ్యి చాస్తే అందే పాప. ఈయనకు మాత్రం బూటు లేసే ముఖ్యం," అని రాశారు.

పక్కనే చిన్న గడిలో ఇంకో ముక్క: "పాపను కాపాడిన పుణ్యాత్ముడు ఎవరో తెలిస్తే చెప్పండి."

పుణ్యాత్ముడు దొరకలేదు. బూటు ముసలాయన మాత్రం పూట తిరక్కుండానే దొరికాడు. బజారు చివర దర్జీ కొట్టు ఆయనది.

కొలతలిచ్చి వెళ్లినవాళ్లు కూడా కుట్టని గుడ్డలు వెనక్కి పట్టుకుపోయారు. ఎవరో ఆయన కొట్టు తలుపుకి పాత బూటొకటి వేలాడదీశారు.

వారం తిరక్కుండా దర్జీ పత్రికాఫీసుకు వచ్చాడు. దుప్పటి కప్పుకుని ఉన్నాడు, కాళ్లకి రబ్బరు చెప్పులు. ఫొటోను ముక్కు దాకా తెచ్చుకుని చూశాడు.

"బాబూ, ఇందులో పాప నా కాళ్ల దగ్గరే ఉంది."

"ఉంది కదా మరి," అన్నాడు ఫొటోగ్రాఫర్ లెన్సు తుడుచుకుంటూ.

"లేదు బాబూ. పాప ఎక్కడో, నేనెక్కడో."

"కెమెరా అబద్ధం చెప్పదు పెద్దాయనా."

దర్జీ చెయ్యి అలవాటుగా మెడ దగ్గరికి వెళ్లింది. ఎప్పుడూ అక్కడ వేలాడే కొలతల టేపు లేదు. చెయ్యి దించేసుకున్నాడు.

"మరి తమరూ చూస్తూనే ఉన్నారుగా," అన్నాడు మెల్లగా.

"నేను వంతెన మీదున్నాను. అంత దూరం నుంచి ఏం చేయగలను?"

ఆఫీసులో అందరూ తలూపారు. అతని దూరాన్ని ఎవరూ కాదనలేదు.

"నేను చెబితే ఎవరు నమ్ముతారు? నాతో ఒక్కసారి కట్ట దాకా రండి. నేనేమీ కదపలేదు. అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచాను," అని దర్జీ ఇంకేదో చెప్పబోయాడు. దగ్గు తెర ముంచుకొచ్చింది.

"క్రికెట్ మ్యాచులు నడుస్తున్నాయి, తీరిక లేదు," అన్నాడు ఫొటోగ్రాఫర్. " అవి అయ్యాక చూద్దాంలెండి."

దర్జీ దగ్గుతూనే మెట్లు దిగిపోయాడు.

మ్యాచులు ఇంకా అవకముందే విలేకరి కబురు తెచ్చాడు.

"మన బూటు ముసలాయన పోయాడటోయ్. నిమ్ము చేసిందట."

"ఇంత ఎండల్లో నిమ్మేమిటి?" అన్నాడు ఫొటోగ్రాఫర్.

ఆ మాట అతన్ని వదల్లేదు. సాయంత్రం మ్యాచ్ మానేసి వంతెన మీదికి వెళ్లాడు.

ఉత్త కళ్లతో చూశాడు. పాప పడిన చోటు ఇక్కడే ఉంది. రాతి కట్ట ఎక్కడో, ఏటి దిగువన మలుపు దగ్గర దారప్పోగులా ఉంది.

లెన్సు పెట్టి చూశాడు. కట్ట వచ్చి పాప పడిన చోటుకి అతుక్కుంది.

చందమామను ట్యాంకు మీద కూర్చోబెట్టినట్టే, ఆ పెద్దాయన్ని పాప పక్కన నిలబెట్టింది తనే. ఆ సంగతి ఊరందరికంటే తనకే బాగా తెలుసు. అయినా ఆరోజు తోచలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆయన దూరంగా ఉన్నాడని పత్రికలో రాయిస్తే, కనీసం ఆ నింద అయినా పోతుంది. ఆ ఒక్కటైనా చేద్దామని ఏటి వెంట నడిచాడు. నడిచేకొద్దీ కట్ట ఇంకా దూరంగానే ఉంది. భుజం మీద లెన్సు ఎన్నడూ లేనంత బరువుగా ఉంది.

చివరికి కట్టెక్కాడు. ఏటి వైపు అంచున, గడ్డిలో, దర్జీ కదపకుండా ఉంచినవి అలాగే ఉన్నాయి.

లేసులు విప్పి పక్కపక్కన పెట్టిన బూట్లు, ఒకదాంట్లో చుట్టిపెట్టిన టేపు, రెండోదాంట్లో కళ్లజోడు: చెప్పుల్లేని ఆ పుణ్యాత్ముడు, నీళ్లలోకి దూకే ముందు విప్పి పెట్టుకున్నవి.